ఘాటు తగలని ఇల్లు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో సింహాసనం ఉంది, దాని చుట్టూ పంతాలున్నాయి, నిండు సభలో ఒక స్త్రీ పట్టిన పట్టు ఉంది, మంత్రగాడున్నాడు, అగ్నిపరీక్ష ఉంది. కోడి ఓడిందని కత్తులు దూసిన గడ్డ మాది. ఇక్కడ కావ్యానికి సరుకు కరువా?

అని మొదలుపెట్టి, రాసింది చదువుకున్నాను. సింహాసనం పంచాయతీ ఆఫీసులో ప్లాస్టిక్ కుర్చీ. దానికి ఒక కాలు వంకర. అగ్నిపరీక్ష మట్టిమూకుడులో కాసిని బొగ్గులు. యుద్ధం జరిగింది మంచినీళ్ల మోటరు ఎక్కడ పెట్టాలన్నదాని మీద. కాబట్టి కావ్యం కాదు. ఒళ్లు మండి రాస్తున్న నాలుగు పేజీలు. కావ్యం కోసం ఎక్కినవాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు, బస్సు ఇంకా స్టాండు దాటలేదు.

ముందు నా బతుకుతెరువు చెప్పాలి, ఎందుకంటే ఈ గొడవలోకి నన్ను లాగింది అదే. నేను దెయ్యాల కథలు రాస్తాను. నరసరావుపేటలో డిగ్రీ అయ్యాక, గురజాల దగ్గర మా ఊళ్లోనే మేడ మీద గదిలో కూర్చుని, హైదరాబాదులో యూట్యూబు కోసం పొట్టి సినిమాలు తీసే ఒకాయనకు ఫోన్లో కథలు పంపుతుంటాను. ఆయనకు కథ అక్కర్లేదు, పాయింటు కావాలి. "బ్రదర్, పాయింటు చెప్పు" అంటాడు. చెప్పగానే "భయం చాలట్లేదు బ్రదర్" అంటాడు. ఆయన ఎప్పుడూ మా ఇంట్లో మధ్యాహ్నం పూట కూర్చోలేదు.

మిరప విత్తనాల్లో ఉన్నట్టే దెయ్యాల సినిమాల్లోనూ రకాలున్నాయి. పాత బంగళా రకం ఒకటి. పట్నం నుంచి వచ్చిన జంటకు పెద్ద ఇల్లు చవగ్గా అద్దెకు దొరుకుతుంది, గేటు దగ్గర ఒక ముసలాయన "వద్దు బాబూ" అంటాడు, వాళ్లు నవ్వుతారు. దీన్ని మా వైపు పెట్టి రాద్దామని కూర్చుంటే కుదరలేదు. నరసరావుపేటలో చవగ్గా ఇల్లు దొరికితే దెయ్యాన్ని ఎవడూ లెక్కచేయడు. నీళ్లొస్తాయా అని ఒక్కటే అడుగుతాడు. ఇంకో రకంలో వానలో, అడవి దారిలో కారు ఆగిపోవాలి. వెల్దుర్తి వైపు కారు ఆగిందని రాశాను. అక్కడ వాన పడాలంటేనే ఏదో ఒక శక్తి పూనాలి. పడిందే అనుకున్నా, కారు ఆగిన చోట దెయ్యం కన్నా ముందు పదిమంది వచ్చి "ఎవరింటికి? మీదే ఊరు? మీ నాన్న పేరేంది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలయ్యేసరికి దెయ్యానికి తెల్లారిపోతుంది.

కెమెరా పట్టుకుని పరిగెత్తే రకం ఉంది. స్నేహితులందరూ చచ్చినా వాడు కెమెరా మాత్రం వదలడు. శవాలు లేచి నడిచే రకం ఉంది. దాచేపల్లిలో షిఫ్టు దిగి, తల నుంచి కాలిదాకా సిమెంటు బూడిదతో, మాటా పలుకూ లేకుండా రోడ్డు మీద నడిచొచ్చే జనాన్ని చూసి పెరిగినవాళ్లకు అందులో కొత్తేముంది? నవ్వించే దెయ్యం ఉంది. నలుగురు కమెడియన్లు, ఒక మంచం, మంచం కింద దెయ్యం. దెయ్యాల్లేవని గట్టిగా అన్నవాడు ముందు పోతాడు. నా అంచనాలో మొదటి పావుగంటలో పోయేవాణ్ణి నేనే.

వీటన్నింటికన్నా ఎక్కువ ఆడేది ఒంటికి పట్టే దెయ్యం. కొత్త కోడలు తల వంచుకుని అందరికీ కాఫీలిస్తుంటుంది. ఒకరోజు జుట్టు విరబోసుకుంటుంది. కాళ్లు బారచాపుకుని కూర్చుని మగవాళ్లకన్నా ముందు గిన్నెడన్నం తినేస్తుంది. మామగారి కళ్లలోకి చూసి "ఒరేయ్" అంటుంది. అంతే, హాల్లో పిల్లలు కెవ్వుమంటారు. ఆడది కడుపునిండా తిని, తల ఎత్తి మాట్లాడితే చాలు, జనం భయపడి చస్తారని మొదట కనిపెట్టినవాడెవడో గానీ, వాడికి మన ఇళ్లు బాగా తెలుసు.

తర్వాత సగంలో వెనక కథ వస్తుంది. ఆ దెయ్యం ఒకప్పుడు మంచి మనిషి. ఊరి పెద్ద ఆమెకు అన్యాయం చేశాడు. జనం కళ్లు తుడుచుకుంటారు. నాకు ఇక్కడే మండుతుంది. బతికున్నప్పుడు ఆమె వచ్చి నాకు అన్యాయం జరిగిందంటే వినే దిక్కులేదు. చచ్చి, తెల్లచీర కట్టి, గాల్లోకి లేచి, నలుగురి మెడలు తిప్పాక అప్పుడు, "అయ్యో, ఏం జరిగిందమ్మా నీకు?" అని అడుగుతారు.

ఇదంతా సినిమా సంగతి అనుకుని, దాని మీద జోకులేసుకుని బతుకుతున్నాను. ఇక మా ఇంటి సంగతి.

పెదనాన్న కొడుకుని నేను అన్నయ్య అంటాను. ఊరంతా ప్రెసిడెంటు గారు అంటుంది. ఆయన ప్రెసిడెంటు కాదు. మా పంచాయతీ ఆడవాళ్లకు రిజర్వు అయింది కాబట్టి మా వదినను నిలబెట్టారు. పోస్టర్లో అన్నయ్య ఫొటో నిలువెత్తు, వదినది స్టాంపు బిళ్లంత. గెలిచాక అన్నయ్య వెళ్లి వంకరకాలు కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆయన ప్రెసిడెంటు గారు, అసలు ప్రెసిడెంటు అయిన మా వదిన ప్రెసిడెంటు గారి భార్య. మనిషి ఉండి, ఎవరికీ కనపడకపోవడాన్ని నా వృత్తిలో ఏమంటారో మీకు తెలుసు. ఆ లెక్కన మా ఇంట్లో దెయ్యం ఎన్నికల ఫలితం వచ్చిన రోజే పుట్టింది.

వదిన దాచేపల్లి మనిషి. వాళ్ల నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేశాడు. సిమెంటు దుమ్ము పీల్చి పెరిగిన ఊపిరితిత్తులు, మిరపకాయ మాత్రం పడదు. కల్లంలో కాయ ఆరబోస్తే చాలు, ఆ చివర్నుంచి ఈ చివరకు దగ్గు. మేం మిరపకాయల మధ్య పుట్టి, మిరపకాయల మీద పడుకుని పెరిగినవాళ్లం. మాకు తుమ్ము కూడా రాదు. పెళ్లయి ఇన్నేళ్లయినా, మా పెద్దమ్మ, అంటే వదిన అత్తగారు, ఆమెను "సిమెంటు పిల్ల" అనే అంటుంది. ముద్దుగా అంటుందో ఎత్తిపొడుపో ఆమెకే తెలియదు.

మా కల్లంలో తొడిమలు తీయడానికి ఊరి చివర కాలనీ నుంచి ఆడవాళ్లు వస్తారు. వాళ్లలో ఒకామె ఉండేది. నేను స్కూల్లో చదివేటప్పుడు నా మొదటి ప్రేక్షకురాలు ఆమే. సెలవు రోజు నేను రాశి పక్కన కూర్చుంటే, "అబ్బాయ్యా, ఒక దెయ్యం బొమ్మ కథ చెప్పు, చేతులు తిరుగుతాయి" అనేది. నేను కళ్లు పెద్దవి చేసి చెప్పేవాణ్ణి. ఎక్కడా భయపడేది కాదు. ఒకసారి నేను, "తెల్లచీరలో ఊరంతా తిరుగుతా ఉంటది" అంటే పక్కున నవ్వింది.

"తిరిగిద్ది, తిరగదా? దానికేమన్నా నీళ్లు మొయ్యాలా, నిప్పు రాజెయ్యాలా?"

కాలనీకి కొళాయి లేదు. ఉన్న గొట్టంలో గాలి తప్ప ఏమీ రాదు. కాలనీ ఆడవాళ్లు మా చేలకవతల ఉన్న పాత దిగుడుబావికి వెళ్తారు. మెట్లు పాచి పట్టి ఉంటాయి. కిందటేడు ఎండాకాలంలో ఆమె ఆ మెట్ల మీద జారి పడింది. బిందె తేలింది. ఆమె తేలలేదు.

ఊళ్లో రెండు రోజులు అయ్యో అన్నారు. తర్వాత ఆ బావి వైపు పొద్దుగూకాక పోవద్దన్నారు, ఆమె తిరుగుతోందట. మెట్లు బాగుచేయాలని ఎవడూ అనలేదు. దెయ్యాన్ని పుట్టించడం మెట్లు కట్టడం కన్నా తేలిక.

ఈ ఏడు ఊరికి ఒక మంచినీళ్ల బోరు, మోటరు, చిన్న ట్యాంకు మంజూరయ్యాయి. కాలనీ కోసమే ఇచ్చారు. అన్నయ్య దాన్ని మా చేను గట్టున వేయిద్దామన్నాడు. "అక్కడ నీళ్లు బాగా పడతాయి" అన్నాడు. పడతాయి. పడ్డ నీళ్లు రాత్రిపూట ఏ మిరపతోటలోకి పోతాయో కూడా అందరికీ తెలుసు.

గ్రామసభ పెట్టారు. షామియానా, కుర్చీలు, మైకు. మైకు సెట్టువాడు అంతకుముందు ఎక్కడో పౌరాణిక నాటకానికి పెట్టి నేరుగా ఇటు వచ్చాడు. యముడి కోసం పెట్టిన ఎకో తీసేయడం మర్చిపోయాడు. అన్నయ్య మైకు లేకుండానే అరవగలడు కాబట్టి అది ఎవరికీ తెలియలేదు. "బోరు చేను గట్టున వేయడానికి సభ ఒప్పుకున్నట్టే గదా" అని ఆయన అంటుండగా, వెనక కుర్చీలో ఉన్న వదిన లేచింది. మైకు అందుకుంది. పక్కనున్న నిలువు ఫ్యాను గాలికి కొప్పు ఊడి జుట్టు మొహం మీద పడింది. దర్శకుడు ఉండి తీయించినా అంత బాగా రాదు.

"మోటరు కాలనీలోనే పెట్టాలి."

పెట్టాలి... ట్టాలి... లి... అంది షామియానా.

"బావిలో పడి చచ్చింది మనిషి. మేక కాదు. నేను సంతకం పెట్టను."

పెట్టను... ట్టను... ను...

పావురాలు లేచిపోయాయి. నిజంగానే లేచాయి, బడి కప్పు మీద నుంచి. మాట్లాడకపోవడమే తెలిసిన మనిషి గొంతు మొదటిసారి వినేసరికి, అది ఎవరి గొంతో పోల్చుకోవడం ఎవరికీ చేతకాలేదు. అప్పుడు మా పెద్దమ్మ లేచి, గుండె మీద చెయ్యి వేసుకుని అంది:

"అది మా కోడలి గొంతు కాదు!"

అన్నయ్యకు అప్పటిదాకా మొహంలో రక్తం లేదు. ఆ మాట వినగానే వచ్చింది. నేను చూశాను. మునిగిపోతున్నవాడికి మోకు దొరికినట్టు, ఆ మాటను పట్టుకున్నాడు. "ఒంట్లో బాలేదు, ఒంట్లో బాలేదు" అంటూ సభ ముగించాడు. పొద్దుగూకేసరికి ఊరంతా తేల్చేసింది. బావిలో పోయినామె మా వదినకు పట్టింది. లేకపోతే బావి సంగతి ఈమెకెందుకు?

పెద్దమ్మ నన్ను పిలిపించింది.

"ఒరేయ్, నువ్వు దెయ్యాల కథలు రాస్తావంట గదా. ఇది ఏ జాతిది రా?"

"నీళ్లడిగే జాతి పెద్దమ్మా. మోటరు పెడితే పోయిద్ది."

"నీ పళ్లు రాలగొడతా. నేను ఏడవలేక చస్తా ఉంటే నీకు ఎగతాళా?"

ఆమె నిజంగానే భయపడింది. అది చెప్పకపోతే అన్యాయం. కోడలికి ఏమవుతుందోనని పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు. భయం లేనివాడు అన్నయ్య. అరుగు మీద కూర్చుని లెక్కగా చెప్పాడు. రేపు పగటిపూట ఒక భూతవైద్యుడు వస్తాడు. పట్టింది అని ఆయన చెబితే, వదినను కృష్ణ అవతల ఒక చోటికి పంపిస్తారు. అక్కడ ఇలాంటివాళ్లను నయమయ్యేదాకా ఉంచుతారు. ఈలోపు ఉపసర్పంచి సంతకాలు పెడతాడు. ఉపసర్పంచి అంటే అన్నయ్య ఏం చెబితే అది రాసే మనిషి.

"ఉంచడం అంటే ఎట్టా ఉంచుతారు?" అన్నాను.

"ఎట్టా ఏందిరా? మామూలే. పారిపోకుండా కాలికి గొలుసేస్తారు."

మామూలే అన్నాడు. ఇన్నేళ్లు భయం కోసం నేను కాగితాల మీద చీకటి, గాలి, కుక్క ఏడుపు అన్నీ పోశాను. వెన్నులో చలి పుట్టించడానికి ఒక మనిషి అరుగు మీద కూర్చుని, పళ్లు కుట్టుకుంటూ, మామూలే అంటే చాలని నాకు తెలియదు.

వదిన పెరట్లో గిన్నెలు తోముతోంది. దెయ్యం పట్టినా గిన్నెలు తప్పవు. ఇది ఏ సినిమాలోనూ చూపించరు.

"ఏమయ్యా రచయితా, నీ కథల్లో ఈపాటికి ఏం చేస్తారు?" అంది.

"పారిపోవాలని చూస్తారు వదినా. బండి స్టార్టు కాదు."

"తర్వాత?"

"తిరిగొచ్చి మేడెక్కుతారు. ఎందుకెక్కుతారో రాసినవాడికి కూడా తెలీదు."

నవ్వింది. బూడిద చేత్తోనే నుదుటి మీద వెంట్రుకలు తోసుకుంది. "దెయ్యమే పట్టిందని ఒప్పుకుంటే మోటరు కాలనీలో పెడతామంటే ఒప్పుకుంటా. మీ అన్నని అడిగి రా" అంది.

"అంత అవసరమేంది నీకు?"

"గెలిచిన రోజు కాలనీవాళ్లు దండ తెచ్చారు. బావిలో పోయినామే వేసింది నా మెళ్లో. ఇంకేమీ అడగలా, కొళాయి అమ్మా అంది. మీ అన్న చూసుకుంటాడులే అన్నా నేను. ఆ మాట నోట్లోంచి పోవట్లేదు." గిన్నె బోర్లించింది. "కానీ ఒప్పుకున్నా పెట్టరు. దెయ్యాన్ని కొట్టి పంపించి, మోటరు చేలో పెట్టుకుంటారు."

మా పుట్టింటికి పోతానని ఆమె అనలేదు. నేను బండి తీస్తానన్నాను. "పోతే పారిపోయిందంటారు. ఉంటా" అంది.

మర్నాడు భూతవైద్యుడు వచ్చాడు. నా ఊహలో ఉన్నవాడికి గడ్డం, పుర్రె, ఎర్రటి కళ్లు. ఈయన హెల్మెట్టుతో, స్కూటీ మీద వచ్చాడు. సైడు స్టాండు వేసి, టవలుతో సీటు తుడిచి, చెప్పులు జాగ్రత్తగా గుమ్మం పక్కన పెట్టాడు. డెల్టా వైపు మనిషి. వరి చేల మధ్య పుట్టినవాడు. మెత్తటి మాట. పట్టపగలు, పదకొండు దాటింది. పక్కింట్లో మిక్సీ తిరుగుతోంది. గోడ మీద సగం ఊరు ఎక్కి కూర్చుంది. గేటు దగ్గర కాలనీ ఆడవాళ్లు నిలబడ్డారు. తొడిమలు తీసే పని వదిలేసి వచ్చారు.

వదినను వాకిట్లో పీట మీద కూర్చోబెట్టారు. అన్నయ్య, ఉపసర్పంచి, పెద్దమ్మ, నేను చుట్టూ ఉన్నాం. మూకుడులో బొగ్గులు రాజేశారు. వైద్యుడు పసుపు చల్లి, అందరికీ వినపడేలా నియమం చెప్పాడు.

"ఎండుమిరపకాయలు నిప్పులో వేస్తాం. ఆ ఘాటు మామూలు మనిషికి తగులుతుంది, దగ్గు వస్తుంది. లోపల గాలి చేరిన ఒంటికి తగలదు. దగ్గు రాలేదంటే పట్టినట్టే. అందరూ చూడండి."

ఆయన పద్ధతి నాకు అప్పుడే అర్థమైంది. మనిషికి కాస్త దూరంగా, గాలి పోయే వైపు మూకుడు పెట్టాడు. ఏ ఇంట్లోనైనా నాలుగైదు కాయలిస్తారు. అవి చిటపటమని అయిపోతాయి, పొగ అటే పోతుంది, ఎవరికీ దగ్గు రాదు. పట్టింది అనేయడమే. పాపం, ఆయన మిరపకాయను బజార్లో పొట్లం కట్టి కొనుక్కునే ప్రాంతం నుంచి వచ్చాడు.

"అమ్మా, ఇంట్లో కాసిని ఎండుమిరపకాయలు..." అన్నాడు.

కాసిని అన్న మాట పెద్దమ్మకు తగలకూడని చోట తగిలింది. "మా ఇంట్లో మిరపకాయలకు కరువా?" అని లోపలికి పోయి, పెద్ద చేట నిండా తెచ్చింది. తాలు కాయలు కూడా కాదు, నికార్సైన ఎర్రకాయ. కోడలి ప్రాణం కోసం గదా. ఆయన అమ్మా అమ్మా అంటుండగానే, చేట మొత్తం మూకుడులో కుమ్మరించింది. అదే సమయానికి గాలి కూడా తిరిగింది.

పొగ లేచింది. నల్లగా, పసుపుగా, దుప్పటిలాగా వాకిలంతా కమ్మింది.

ముందు దగ్గింది వైద్యుడు. దగ్గడం కాదు, లోపల ఉన్నదంతా బయట పడేలా ఒంగిపోయాడు. టవలు మొహానికి అడ్డం పెట్టుకుని, స్కూటీ ఎటుందో తెలియక గోడ తడుముకున్నాడు. ఆ వెంటనే పీట మీద వదిన. ఏటా కల్లంలో దగ్గినట్టే, కళ్లనీళ్లు కారిపోతూ, పొట్ట పట్టుకుని దగ్గింది.

మిగతావాళ్లం అలాగే నిలబడి ఉన్నాం.

పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, పొగలో మూకుడు సరిగా అంటుకుందో లేదో చూస్తోంది. ఉపసర్పంచి పేపరు మడిచి విసురుకుంటున్నాడు, ఉక్కపోతకు. అన్నయ్యకు కనురెప్ప కూడా తడవలేదు. గోడ మీద జనం దిగలేదు. నాకు కాస్త ముక్కు దురద పెట్టింది, అంతే.

వదిన చెంగుతో కళ్లు తుడుచుకుంది. ఆయాసపడుతూ చుట్టూ ఒక్కొక్కరినీ చూసింది. ఈసారి మైకు లేదు, ఎకో లేదు.

"వైద్యుడు గారి లెక్క ప్రకారం దెయ్యం పట్టనిది ఇద్దరికే. ఆయనకీ, నాకూ."

క్షణం పాటు ఎవరికీ ఎక్కలేదు. తర్వాత గోడ మీద నుంచి ఒక తాత గొంతు వచ్చింది. "ఓరి నీ... ప్రెసిడెంటుకు తగల్లేదురోయ్ పొగ! ఉపసర్పంచిక్కూడా తగల్లా!"

"ఏమే, నీకు తగిలిందా?" అని ఇంకెవరో పెళ్లాన్ని అడుగుతున్నారు. "నాకేం తగల్లేదయ్యా, నీకో?" గోడ మొత్తం ఒకరి మొహం ఒకరు చూసుకుంటోంది.

పెద్దమ్మ చెయ్యి నడుం మీద నుంచి మెల్లగా మెడ మీదకు పోయింది. "ఒరేయ్, నాకు తగల్లేదేందిరా?" అని నన్నడిగింది. కావాలని ఒకసారి దగ్గి చూసుకుంది. రాలేదు.

"ఏయ్, మనకు అలవాటురా! మిరపకాయ మనకు అలవాటు!" అని అన్నయ్య అరిచాడు.

అప్పుడు గేటు దగ్గర నుంచి, కాలనీ ఆడవాళ్లలో పెద్దావిడ ముందుకొచ్చింది. పోయినామె పక్కనే కూర్చుని ఏళ్ల తరబడి తొడిమలు తీసిన మనిషి. ఆమె నవ్వడం లేదు.

"మాకూ తగల్లేదయ్యా. ఒక్కదానికీ తగల్లా. అంటే అది మాకందరికీ పట్టిందన్నమాటేగా." అన్నయ్య వైపు చూసింది. "ఎంతమందికేస్తావయ్యా గొలుసులు?"

గొలుసు మాట ఆమెకెలా తెలిసిందో నాకు తెలియదు. అరుగు మీద మాట్లాడుకునేవాళ్లకు, గేటు బయట మనుషులుంటారని ఎప్పుడూ గుర్తుండదు. అన్నయ్య నోరు తెరిచాడు. పొగ పోయింది లోపలికి. అప్పుడు కూడా దగ్గు రాలేదు. కనీసం ఆ ఒక్క దగ్గు వచ్చినా ఆయనకు మాట ఉండేది.

సినిమా అయితే ఇక్కడ అన్నయ్య కాళ్ల మీద పడాలి. పడలేదు. ఫోన్ చూసుకుంటూ లోపలికి పోయాడు. మోటరు వ్యవహారం తేల్చింది పెద్దమ్మ. ఆ మధ్యాహ్నమే కొడుకుని పిలిచి, "కాలనీలో పెట్టించరా. నాకెందుకీ పీడ. రేపు నా గొంతు కూడా మారితే?" అంది. అన్నయ్య గొణిగాడు. "నేను చస్తే నిన్నే పట్టుకుంటా" అంది. ఆ బెదిరింపు పనిచేసింది. వదిన సంతకం పెట్టింది, కాలనీ మొదట్లో వేయాలని.

ఊరు చానా రోజులు నవ్వుకుంది. "ఏరా, నీకు తగిలిందా?" అన్నది పలకరింపు అయింది. నన్ను కూడా నవ్వమన్నారు. హాస్యగాణ్ణి గదా. నేను నవ్వాను కూడా, నిజం చెప్పాలి, వైద్యుడు గోడ తడుముకున్నప్పుడు. కానీ కోపం మాత్రం అట్టాగే ఉంది. ఒక మనిషి బావిలో పోతే ఆ బోరు రాలేదు. ప్రెసిడెంటు లేచి నిలబడి అడిగితే ఆ బోరు రాలేదు. ఒక ముసలమ్మ తన మెడ తడుముకుంటే వచ్చింది. న్యాయానికి రానిది భయానికి వచ్చింది. ఇలా వచ్చిందని సంతోషించాలంటారు. సంతోషించండి, నాకేం అడ్డం లేదు. ఆ చేటలో కాసిని కాయలే ఉండి, గాలి తిరగకపోయి ఉంటే, ఈపాటికి మా వదిన కాలికి ఏముండేదో కూడా మధ్యమధ్యలో గుర్తు చేసుకుంటూ సంతోషించండి.

హైదరాబాదు ఆయనకు ఈ సంగతి ఫోన్లో చెప్పాను. మొత్తం విన్నాడు.

"బాగుంది బ్రదర్. కానీ చివర్లో వదినకి నిజంగానే పట్టిందని చూపిద్దాం. అందరూ పోయాక పీట మీద ఒక్కతే కూర్చుని కెమెరా వైపు చూస్తది, కళ్లు తెల్లగా. లేకపోతే భయమేది?"

"అన్నయ్య పళ్లు కుట్టుకుంటూ మామూలే అన్నాడు చూశారా, భయం అదే సార్" అన్నాను.

"అది సీరియల్ బ్రదర్" అన్నాడు.

ఆ కథ ఆయనకు ఇవ్వలేదు. వదినకు చెబితే, "ఇచ్చినా ఫర్లేదు గానీ నాకు తెల్లచీర కట్టించబాక, మాసిపోయిద్ది" అంది. ఆమె ఇప్పుడు పంచాయతీ ఆఫీసుకు వెళ్తోంది. వంకరకాలు కుర్చీ కింద ఇటుక ముక్క పెట్టించింది. ఇంకా కొంతమంది ఆమెను ప్రెసిడెంటు గారి భార్య అంటూనే ఉన్నారు. ఆమె పలకడం మానేసింది.

బోరు పడింది. నీళ్లు బాగానే ఉన్నాయి, కాస్త సున్నం ఎక్కువ. మోటరు త్రీఫేజుది, ఆ కరెంటు ఉన్నప్పుడే ట్యాంకు నిండుతుంది. బిందెలు ముందే కడిగి పెట్టుకోవాలి.